మా ఇంట్లో పండగ ఎట్లా వస్తాది?



పోయిన నెల మన గోడపత్రికలో ఎనిమిదో తరగతి చెల్లెలు 'సంక్రాంతి పండుగ' అని వ్యాసం రాసింది. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు అన్నీ వరసగా చక్కగా రాసింది. అక్షరాలు కూడా నాకంటే గుండ్రంగా ఉన్నాయి. కానీ ఆ వ్యాసం చదువుతా ఉంటే నాకు ఒక అనుమానం వచ్చింది. మా కాలనీకి హరిదాసు ఎప్పుడూ రాలేదు. మన హాస్టల్లో ఇంకా ఎంతమంది ఇండ్లకు రాలేదో! అయినా మా ఇంట్లో పండగ ఉంటాది. అది ఎట్లా వస్తాదో వివరంగా చెప్దామని ఈ వ్యాసం.

ఇంకో కారణం కూడా ఉంది, అది దాచకుండా చెప్తాను. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి పుట్టినరోజుకు వాళ్ళ నాన్నగారు సూళ్ళూరుపేట నుంచి కేకు తెచ్చారు. మనందరికీ చిన్న చిన్న ముక్కలు పంచారు. నా పక్క మంచం అమ్మాయి నన్ను అడిగింది, "మీ ఇంట్లో నీ బర్త్‌డే ఎట్లా చేస్తారు?" అని. నేను గబుక్కున, "మాక్కూడా కేకు తెస్తారు, పేరు రాయించి" అన్నాను. అది అబద్ధం. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు. నిజం చెప్పడానికి సిగ్గు ఎందుకు పడ్డానా అని.

నిజం ఏమిటంటే, నా పుట్టినరోజు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. స్కూలు రిజిస్టరులో 1-6-2010 అని ఉంది. అది నన్ను బడిలో చేర్చిన సారు వేసిన తేదీ. మా అవ్వ లెక్క వేరే. "నువ్వు పుట్టిన మూడో రోజు గాలీ వానా వచ్చి పైకప్పు లేచిపోయింది, నిన్ను అల్యూమినియం గిన్నెలో పెట్టుకొని బడి వరండాలోకి పోయినాం" అంటాది. ఆ తుఫాను పేరు జల్ అని, 2010 నవంబరు 7న చెన్నై దగ్గర తీరం దాటిందని సోషల్ టీచరుగారు చెప్పాక నేను వెనక్కి లెక్క వేసుకున్నాను. అంటే నేను నవంబరు 4 ప్రాంతంలో పుట్టి ఉంటాను. మా అక్క సంగతి ఇంకా తేలిక. సునామీ వచ్చిన ఎనిమిదో రోజు పుట్టింది. సునామీ 2004 డిసెంబరు 26న కాబట్టి అక్కది 2005 జనవరి 3. మా ఇంట్లో క్యాలెండరు అంటే నీళ్ళూ గాలే.

ఇక అసలు విషయానికి వస్తాను.

మాది పులికాట్ చెరువు ఒడ్డు, తడకు దగ్గర గిరిజన కాలనీ. మేము యానాదులం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మావాళ్ళు 5 లక్షలు దాటి ఉన్నారు. పులికాట్‌ను మేము చెరువు అనే అంటాం గానీ అది మామూలు చెరువు కాదు, ఉప్పునీటి సరస్సు. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇదే పెద్దది. కొంత ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంది. వానాకాలంలో నిండితే సుమారు 450 చదరపు కిలోమీటర్లు ఉంటాది. అంత పెద్దదైనా లోతు లేదు. చాలా చోట్ల మా నాయనకు నడుము దాకా కూడా రాదు. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకొని ఉంటాది, దాని అవతల సముద్రం.

లోతు లేదని ఎందుకు చెప్పానంటే మా పండగలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలకు కాళంగి, ఆరణి నదుల నీళ్ళు వచ్చి చెరువులో పడతాయి. ఇసుక మేటలు వేసి మూసుకోకుండా ఉంటే సముద్రపు ముఖద్వారాల నుంచి ఉప్పునీళ్ళతో పాటు రొయ్య పిల్లలు, చేప పిల్లలు లోపలికి వస్తాయి. రెండు నీళ్ళూ కలిసి కుదిరితే ఆ ఏడు చేప బాగుంటాది. ముఖద్వారం పూడిపోతే నీళ్ళు చచ్చిపోతాయి, చేప ఉండదు. ఎండాకాలంలో ఉత్తరం వైపు చెరువు ఎండి తెల్లగా ఉప్పు పేరుకుంటాది.

పెద్ద పడవలు, పెద్ద వలలు ఉన్న మత్స్యకారుల ఊర్లకు చెరువులో 'పాడు' అనే పద్ధతి ఉంది. ఎవరు ఏ రోజు ఎక్కడ వల కట్టాలో వంతులు వేసుకుంటారు. ఆ వంతుల్లో మావాళ్ళు ఎక్కువమంది లేరు. మేము నీళ్ళల్లో దిగి కూర్చొని, బురదలో చేతులు తడుముతా రొయ్యలు, ఎండ్రకాయలు పట్టేవాళ్ళం. మా అమ్మ ఇప్పటికీ నడుముకు బుట్ట కట్టుకొని అట్లానే పడతాది. కాబట్టి ఈ రోజు డబ్బులు ఉంటాయని, రేపు ఉండవని ముందుగా చెప్పలేం. పండగ తేదీ క్యాలెండరులో ఉన్న రోజు మా బుట్టలో ఏమీ ఉండకపోవచ్చు. బుట్ట నిండిన రోజు క్యాలెండరులో ఏమీ ఉండకపోవచ్చు. అందుకే మా ఇంట్లో పండగ చేసే రోజును చెరువు చెప్తాది.

అది ఎట్లా మొదలవుతాదో చూడండి. తెల్లవారుజామున నాయన, అమ్మ, చిన్నాయన చెరువులోకి పోతారు. తొమ్మిది గంటలకు తిరిగి వస్తారు. వచ్చేటప్పుడు చిన్నాయన ఈల వేస్తా వస్తే దండిగా పడినట్టు. ఈల లేకపోతే ఆ రోజు చప్పుడు చేయకుండా ఉండాలి, పుస్తకాలు తీసి చదువుకుంటా ఉన్నట్టు నటించాలి. ఈల వినబడిందంటే అవ్వ లేచి పొయ్యిలో బూడిద తీసేస్తాది. ఎవరూ "ఈ రోజు పండగ" అని చెప్పరు. బూడిద తీయడమే చెప్పడం.

పెద్ద రొయ్యలు, మంచి పండుగప్ప కమీషన్ కొట్టుకు పోతాయి. అవి మేము తినేవి కావు, అమ్మేవి. మాకు మిగిలేది మడవలు, జెల్లలు, కాలు విరిగిన ఎండ్రకాయలు. కాలు విరిగితే కొనేవాళ్ళు ధర తగ్గిస్తారు. మా చెల్లెలు చిన్నప్పుడు పండగ కావాలని ఒకసారి మంచి ఎండ్రకాయ కాలు తనే విరిచేసింది! అమ్మ కొట్టబోయి నవ్వేసింది. ఆ రోజు కూడా పండగే అయింది.

తర్వాత కబురు. కబురు చెప్పడానికి పిల్లలమే పోవాల. మా అత్త వాళ్ళది అదే కాలనీలో చివరి ఇల్లు. పెద్దమ్మ వాళ్ళు దొరవారిసత్రం వైపు ఉంటారు, వాళ్ళకు ఇప్పుడు ఫోను చేస్తాం. కబురు చెప్పేటప్పుడు "భోజనానికి రండి" అనకూడదు. అట్లా అంటే వాళ్ళకు మొహమాటం. "అవ్వ చట్టి పెద్దది పెట్టింది" అనాల. అంతే, అర్థమైపోతాది. వచ్చేవాళ్ళు చేతులు ఊపుకుంటా రారు. అత్త బియ్యం తెస్తాది. పెద్దమ్మ వాళ్ళ ఇంటి దగ్గర మామిడి చెట్టు ఉంది, కాయలు తెస్తాది. మామ తాటి ముంజలో, తేగలో, ఆ కాలంలో ఏది ఉంటే అది. ఏమీ లేనివాళ్ళు సరుగుడు పుల్లలు ఒక మోపు తెస్తారు. అమెరికాలో కూడా ఇట్లా అందరూ తలా ఒక వంట తెచ్చి కలిసి తింటారని, దాన్ని పాట్‌లక్ అంటారని మన ఇంగ్లీషు టీచరుగారు చెప్పారు. నాకు ఆశ్చర్యమేసింది. మా అవ్వ పుల్లల మోపుకు అమెరికాలో ఏం పేరు పెడతారో అడగాలనుకున్నాను గానీ బెల్లు కొట్టేశారు.

వంట సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోవద్దు. హాస్టల్లో మధ్యాహ్నం పప్పు తిని ఇది రాస్తా ఉన్నాను కాబట్టి అది నా తప్పు కాదు.

మడవ చేపను బూడిద వేసి రుద్ది, పొలుసు తీసి, మూడు నీళ్ళల్లో కడగాల. చెరువు చేపకు బురద వాసన ఉంటాది, ఉప్పు వేసి రుద్దితే పోతాది. పులుసు మట్టి చట్టిలోనే చేస్తాం. నూనె కాగినాక మెంతులు, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు, కరివేపాకు. మెంతులు నల్లగా మాడితే పులుసంతా చేదు. చింతపండు చిక్కగా పిసికి పోసి, కారం, ధనియాల పొడి వేసి బాగా మరగనివ్వాల. నూనె పైకి తేలినాకే చేప ముక్కలు వేయాల. ముక్కలు వేసినాక గరిటె పెట్టకూడదు. పెడితే ముక్క చితికిపోతాది. చట్టిని రెండు చేతులతో గుడ్డతో పట్టుకొని గుండ్రంగా తిప్పాల. చివర్లో పచ్చి మామిడికాయ ముక్కలు. ఉప్పు మాత్రం చూసి వేయాల. చెరువు చేపలోనే కొంచెం ఉప్పు ఉంటాది. మా చిన్నమ్మ కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు ఆమె ఊరి లెక్కన ఉప్పు వేసేసింది. ఇప్పటికీ చిన్నాయన పులుసు నోట్లో పెట్టుకునే ముందు ఒక చెంబు నీళ్ళు పక్కన పెట్టుకున్నట్టు నటిస్తాడు. చిన్నమ్మ గరిటె చూపిస్తాది.

ఎండ్రకాయలు దంచి మిరియాలు వేసి రసం పెడతాం. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళకు మంచిదని అవ్వ చెప్తాది. పిల్లలకు మాత్రం అసలు పండగ పొయ్యి దగ్గరే. చిన్న మడవలను గాట్లు పెట్టి, ఉప్పు, కారం పూసి నిప్పుల మీద వేస్తారు. కాలిన చర్మం ఒలిచి ఊదుకుంటా తింటాం. ఆ చేపకు కంచం లేదు, వరస లేదు. ఎవరి చేతికి అందితే వాళ్ళది.

తిన్నాక పెద్దవాళ్ళు చాపలు వేసుకొని వేపచెట్టు కింద కూర్చుంటారు. చిన్నాయన ప్లాస్టిక్ బిందెను తిరగేసి వాయిస్తాడు. ఇత్తడి బిందె అయితే ఇంకా బాగా మోగుతాదంట గానీ అది కుదవ పెట్టి విడిపించలేదు. అవ్వ పాడతాది. ఆమె పాడే పాటలు ఏ పుస్తకంలోనూ లేవు, మా వాళ్ళందరి పేర్లూ వాటిలో వస్తాయి. ఎవరైనా కొత్త తప్పు చేస్తే వాళ్ళ పేరు కొత్తగా చేరుతాది. పోయిన సెలవుల్లో నా పేరు చేరింది. ఏ తప్పుకో ఇక్కడ రాయను.

మీకు ఇంకొక పండగ చెప్పాల. అది మా చెరువు ఒడ్డునే ఉంటాది. రాకెట్టు పండగ. శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్, రోహిణి, అక్కడి నుంచి ఎగిరింది. ఆ దీవి అడవిలో మావాళ్ళు తరతరాలుగా ఉన్నారు. తేనె, దుంపలు, వేర్లు, మూలికలు సేకరించేవాళ్ళు. కేంద్రం వచ్చినాక చాలా కుటుంబాలు ఇవతలి ఒడ్డుకు వచ్చేసినాయి. మా తాత వాళ్ళు కూడా అట్లా వచ్చినవాళ్ళే. అందుకని రాకెట్టు ఎగిరితే అవ్వకు సంతోషమూ, కోపమూ రెండూ. "మన చింతచెట్టు దగ్గర నుంచే లేస్తాంది చూడు" అంటాది. అక్కడ చింతచెట్టు ఇంకా ఉందో లేదో చూసినవాళ్ళు లేరు.

2023 మే 29న ఎండాకాలం సెలవుల్లో నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దున 10 గంటల 42 నిమిషాలకు జీఎస్ఎల్‌వీ పోయింది. ముందు నిప్పు కనబడతాది, చాలా సేపటికి గానీ చప్పుడు రాదు. వెలుగు చప్పుడు కంటే వేగంగా పోతాదని సైన్సులో చదివింది అక్కడ కళ్ళకు కనబడతాది. చప్పుడు వచ్చినప్పుడు మా రేకుల ఇల్లు గడగడ ఆడుతాది. అందుకని అవ్వ ముందే గిన్నెలన్నీ కిందికి దింపుతాది. గిన్నెలు ఎట్లాగూ దింపినాం కదా అని అందరం బయటే వండుకొని బయటే తింటాం. ఆ సంవత్సరమే జూలై 14న చంద్రయాన్-3 పోయినప్పుడు మనమందరం హాస్టల్ గ్రౌండులో నిలబడి చప్పట్లు కొట్టినాం, గుర్తుందా? ఆ రోజు మీరు ఆకాశం చూస్తా ఉంటే నేను మా అవ్వ గిన్నెల గురించి ఆలోచిస్తా ఉన్నాను.

ఈ మధ్య 2025 మే 18న తెల్లవారి 5 గంటల 59 నిమిషాలకు పీఎస్ఎల్‌వీ-సి61 ఎగిరింది. మేము అర్ధరాత్రే లేచి పులుసు పెట్టుకొని ఒడ్డున కూర్చున్నాం. ఎగిరింది, అరిచినాం, తిన్నాం. తర్వాత ఫోనులో వార్త వచ్చింది, మూడో దశలో ఇబ్బంది వచ్చి ఉపగ్రహం కక్ష్యలోకి చేరలేదని. అందరం దిగులుగా కూర్చున్నాం. అవ్వ చట్టిలోకి తొంగి చూసి, "ఇంకా నాలుగు ముక్కలున్నాయి, వాళ్ళు మళ్ళీ కట్టుకుంటారులే, మీరు తినండి" అంది.

సూళ్ళూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో ఫెస్టివల్ మొదలుపెట్టారు, మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ మూడు రోజులు జరిగింది. స్టాళ్ళు, డాన్సులు, పెద్ద స్టేజీ అన్నీ ఉంటాయి. నేను దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు, చూడాలని నాక్కూడా ఆశే. కానీ ఆ పక్షులు ఫెస్టివల్ తేదీ చూసుకొని రావు. అక్టోబరు, నవంబరు నుంచే రాజహంసలు మా చెరువులో దిగుతాయి. నేలపట్టులో గూడబాతులు నీళ్ళల్లో ఉండే చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. అవి వచ్చిన ఏడు వానలు బాగా పడతాయని అక్కడి రైతులు నమ్ముతారు. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు కూడా. మా ఇంట్లో మొదటి గుంపు కనబడిన రోజు ఎవరు ముందు చూస్తే వాళ్ళకు ఆ రోజు చేప తలకాయ. అంతే ఫెస్టివల్.

ఇప్పటిదాకా సంతోషాలే రాసినాను. ఇప్పుడు చెప్పబోయేది మా అక్క ఒప్పుకున్నాకే రాస్తా ఉన్నాను.

2017లో మా అక్క పెద్దమనిషి అయింది. అప్పుడు అక్క ఏడో తరగతి. మా కాలనీలో అంతకుముందు ఒక ఇంట్లో షామియానా, సౌండు బాక్సులు, రోడ్డు మీద ఫ్లెక్సీ, బిర్యానీ పెట్టి ఫంక్షను చేసినారు. ఆ ఫ్లెక్సీలో అమ్మాయి ఫోటో మనిషంత ఉండింది. దాన్ని చూసి అందరికీ అదే కావాలనిపించింది. మా నాయన చేతిలో డబ్బు లేదు. రొయ్యల గుంటల యజమాని ఒకాయన దగ్గర నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. ఫంక్షను బాగా జరిగింది. నాకు కొత్త గౌను కొన్నారు, వీడియో తీసినారు. ఆ రోజు నేను చాలా సంతోషపడ్డాను, అది నిజం.

తర్వాత వారానికి అమ్మా నాయనా ఆ గుంటల దగ్గర కాపలాకు, మేత వేయడానికి పోయినారు. జీతంలో నుంచి అడ్వాన్సు కోసుకుంటామన్నారు. తిండికి, మందులకు మళ్ళీ మళ్ళీ రాసుకుంటా ఉంటే అది తగ్గలేదు. ఆరు నెలలు అనుకున్నది రెండేళ్ళు దాటింది. గుంటల దగ్గర వంటకు, తమ్ముణ్ణి చూసుకోవడానికి అక్కను బడి మానిపించారు. చదువులో అక్క నాకంటే చురుకు. ఎక్కాలు ఇరవై దాకా వెనక నుంచి కూడా చెప్తాది.

ఇట్లా అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడం వెట్టిచాకిరి కిందికి వస్తుందని, దాన్ని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చిందని నాకు తొమ్మిదో తరగతిలో గానీ తెలియదు. ఆ చట్టం ప్రకారం అట్లాంటి అప్పు చెల్లదు. మా నాయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చివరికి చిన్నాయన తన వలలు అమ్మి మిగతా డబ్బు కట్టి అమ్మా నాయనలను ఇంటికి తెచ్చినాడు. ఇది చదివే అక్కచెల్లెళ్ళలో ఎవరి ఇంట్లోనైనా ఇట్లా జరుగుతా ఉంటే కలెక్టరు గారికి గానీ, ఆర్డీవో గారికి గానీ, తహసీల్దారు గారికి గానీ అర్జీ ఇవ్వవచ్చు.

నా వంతు 2023 సంక్రాంతి సెలవుల్లో వచ్చింది. నేను కూడా ఏడో తరగతే. ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా మామ, "మేనకోడలికి మామూలుగా చేస్తే నా పరువు ఏమవుతాది, నేను ఎక్కడైనా తెస్తా" అన్నాడు. అప్పుడు అక్క ఒక్కటే మాట అంది. "మామా, నువ్వు తెచ్చేది యాడి నుంచో చెప్పు, నేను పోయి చూసి వస్తా." మామ ఏమీ మాట్లాడలేదు.

చెరువు దయ వల్ల ఆ వారం మడవలు బాగా పడినాయి. మామ కొబ్బరి మట్టలు, వేపమండలు కొట్టుకొచ్చి గుడిసె వేసినాడు. అవ్వ చిమ్మిలి దంచింది. నువ్వులు అత్త తెచ్చింది, బెల్లం పెద్దమ్మ తెచ్చింది. చీర కొత్తది కాదు, అక్క ఫంక్షనుకు కొన్నదే. దాన్ని అక్కే నాకు కట్టింది. పువ్వులు పక్క కాలనీ నుంచి అడిగి తెచ్చుకున్నాం. పసుపు నీళ్ళు పోసేటప్పుడు చిన్నాయన బిందె వాయించినాడు. అరవై మంది తిన్నారు. ఖర్చు మొత్తం లెక్క రాసింది నేనే, నా నోటుబుక్కు చివరి పేజీలో. రెండు వేల ఎనిమిది వందల నలభై. అందులో అప్పు లేదు.

నేను మాత్రం ఆ రోజు సగం పూట ఏడ్చినాను. ఎందుకో చెప్పమంటారా? ఫ్లెక్సీ లేదని. నా ఫోటో రోడ్డు మీద లేదని. అమ్మ కూడా నా పక్కన కూర్చొని ఏడ్చింది, కూతురికి ఏమీ చేయలేకపోయినామని. ఇద్దరం ఏడుస్తా ఉంటే మా తమ్ముడు వాడి డ్రాయింగు చార్టు తెచ్చి దాని మీద నా బొమ్మ గీసి, కింద నా పేరు తప్పుగా రాసి గుడిసెకు అంటించినాడు. ఆ బొమ్మలో నాకు మీసాలున్నట్టు ఉంది. అందరూ వచ్చి దాన్ని చూసి నవ్వి, నా దగ్గరకు వచ్చినారు. చార్టు ఇప్పటికీ ఇంట్లో ఉంది. అక్క ఫ్లెక్సీ మాత్రం వాన కారకుండా పైకప్పు మీద కప్పినాం, ఎండకు రంగు పోయింది.

ఆ సాయంత్రం తాత ఒక సంగతి చెప్పినాడు. వాళ్ళ నాయన కాలంలో మావాళ్ళలో కొందరిని బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద రాసి పెట్టింది. అట్లా రాయబడినవాళ్ళు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా వేరే ఊరికి పోకూడదు. చుట్టాల ఇంట్లో పెళ్ళికి పోవాలన్నా అనుమతి అడగాలి. వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటి వాళ్ళు యానాదుల కోసం ఎన్నో ఏళ్ళు పోరాడినారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. తాత చేప ముల్లు తీసుకుంటా, "మా నాయనకు ఇంతమంది ఒకచోట కూర్చొని తినడానికి భయంగా ఉండేది. బిందె వాయిస్తే ఎవరైనా వస్తారేమో అని" అన్నాడు. చిన్నాయన ఆ మాట విని ఇంకా గట్టిగా వాయించినాడు. అవతలి వీధి కుక్కలన్నీ మొరిగినాయి.

అక్క ఇప్పుడు శ్రీసిటీకి కంపెనీ బస్సులో పనికి పోతా ఉంది. ఓపెన్ స్కూలులో పదో తరగతి కట్టింది. ఈ ఏడాది నేనూ పదో తరగతి, అక్కా పదో తరగతి. ఇద్దరం పాసయితే ఎట్లా చేయాలో ఇప్పటి నుంచే తమ్ముడు ప్లాను వేస్తా ఉన్నాడు. వాడి ప్లానులో కేకు కూడా ఉంది. ఉండనీ, కేకు అంటే నాకేమీ కోపం లేదు. మొన్న పంచిన ముక్క చాలా బాగుండింది, ఆ అమ్మాయికి థాంక్స్.

వార్డెన్ మేడమ్ గారికి ఒక చిన్న మనవి. మన రిజిస్టరులో నాలాగే జూన్ 1 పుట్టినరోజు ఉన్నవాళ్ళు ఎంతమందో నేను అటెండెన్సు చూసి లెక్కపెట్టినాను. నలభై ఒక్కమంది. జూన్ 1న మనకు సెలవులు, ఆ రోజు ఇక్కడ ఎవరూ ఉండరు. కాబట్టి తల్లిదండ్రులు చూడడానికి వచ్చే ఏదో ఒక ఆదివారం మా నలభై ఒక్కమందికీ కలిపి ఒక పండగ చేసుకోనివ్వండి. ఖర్చు ఏమీ లేదు. వచ్చే అమ్మలు తలా ఒకటి తెస్తారు. మేము చెట్టు కింద చాపలు వేసుకుంటాం, తిన్నాక ఊడ్చి, ఆకులు ఎత్తి పారేస్తాం. బకెట్టు వాయించడానికి మాత్రం అనుమతి కావాలి. స్టడీ అవరు మొదలయ్యే లోపలే ఆపేస్తామని మాట ఇస్తా ఉన్నాను.

నా పక్క మంచం అమ్మాయికి కూడా ఇక్కడే చెప్పేస్తా ఉన్నాను, కేకు సంగతి అబద్ధం. నిన్ను సంక్రాంతి సెలవుల్లో మా ఇంటికి పిలుస్తా ఉన్నాను. చేప తలకాయ ఇస్తామని హామీ ఇవ్వలేను, దానికి పక్షులను ముందు చూడాల.

ఇంటికి పోయేటప్పుడు చేతులు ఊపుకుంటా పోకూడదు కదా, అందుకని మనకు ఇచ్చే చిక్కీలు నేను తినకుండా దాచుకుంటా ఉన్నాను. ట్రంకుపెట్టెలో ఇప్పటికి పదమూడు ఉన్నాయి. ఇంట్లో వచ్చేవాళ్ళతో కలిపి పంతొమ్మిది మందిమి. ఇంకా ఆరు కావాల. ఎవరైనా చిక్కీ ఇష్టం లేనివాళ్ళు ఉంటే నాకు ఇవ్వగలరు. చీమలు పట్టకుండా పెట్టె కాళ్ళ కింద నీళ్ళ మూతలు పెట్టినాను, దయచేసి ఊడ్చేటప్పుడు వాటిని తన్నవద్దు.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థిని